మిరప నారు, పర్మనెంట్ ఇంకు

స్కూల్ బ్యాగ్ ఇంకా భుజం మీదే ఉంది. ఐదో క్లాసు చదివే పిట్ట, అమ్మ నడిపే మొక్కల నర్సరీలో రెండు ట్రేల ముందు బిగుసుకుపోయి నిలబడింది.

ఒకదాంట్లో కారం మిరప నారు, ఇంకోదాంట్లో క్యాప్సికం. ఆకులు చూస్తే అచ్చం కవలపిల్లలే. వాటిలో గుచ్చిన ప్లాస్టిక్ చీటీల మీద అక్షరం ముక్క లేదు. అంచుల్లో నీలం మరకలంతే.

అమ్మ పెన్సిల్‌తో రాసిన పేర్లు గజిబిజిగా ఉన్నాయని నిన్న పిట్టే చెరిపేసింది. ఇంకు పెన్నుతో గుండ్రంగా రాసింది. ఇంకు ప్లాస్టిక్ మీద చుక్కలు చుక్కలుగా ముడుచుకుంది. అయినా పట్టించుకోలేదు. సీసా మీద పర్మనెంట్ అని ఉందిగా! కాగితం మీద రాసి, కుళాయి కింద పెట్టి మరీ చూసింది. చెక్కుచెదరలేదు.

ఇవాళ పొద్దున అమ్మ ట్రేలన్నీ నీడలోకి మార్చి, పైపుతో నీళ్లు కొట్టింది. అంతే, రాతలన్నీ కొట్టుకుపోయాయి. ఏ ట్రే ఎక్కడుండేదో కూడా తెలియడం లేదు.

"అమ్మాయ్, నా క్యాప్సికం నారు ఏదమ్మా?" స్కూల్ క్యాంటీన్ వంటాయన వచ్చేశాడు. "స్కూలు తోటలో వేయాలి. చిన్నపిల్లలు తినేవి. కారం తగిలిందంటే వాళ్లమ్మలు నన్ను వండేస్తారు!"

వెనక మట్టి కలుపుతున్న అమ్మ కేకేసింది. "చీటీ చూసి ఇవ్వవే!"

జేబులో పెన్ను ఉంది. ఏదో ఒకదాని మీద రాసేస్తే సరి. పిట్ట మూత తీసింది. ఒకటో క్లాసు పిల్లలు నోరు మండి ఏడుస్తున్నట్టు అనిపించింది. మూత పెట్టేసింది.

"అమ్మా, ఒకసారి రా. నేనో తప్పు చేశా."

అంతా విన్నాక అమ్మ ముఖం పాలిపోయింది. "నెల రోజుల కష్టమే! అడక్కుండా ఎందుకు చెరిపావు?"

"అందంగా ఉంటుందనుకున్నానమ్మా."

"వాసన చూసి చెప్పలేరా?" అమ్మ వంటాయన్ని అడిగింది.

"అంత ముక్కే ఉంటే రోజూ అన్నం మాడుస్తానా?" ఆయన నవ్వాడు. "కాయ కాసేదాకా మీ దగ్గరే పెరగనివ్వండి. చూసి తీసుకెళ్తా. పిల్ల చెప్పింది కాబట్టి బతికిపోయాను."

ఆయన వెళ్లాక పిట్ట ఒక విరిగిన చీటీ తీసుకుంది. ఒక చివర ఇంకుతో, రెండో చివర పెన్సిల్‌తో గీత గీసింది. బాగా ఆరనిచ్చింది. బకెట్లో ముంచి బొటనవేలితో రుద్దింది. ఇంకు వేలికి వచ్చేసింది. పెన్సిల్ గీత అలాగే ఉంది.

"కాగితం ఇంకుని తాగేస్తుందే. ప్లాస్టిక్ తాగదు, పైపైనే ఎండుతుంది," అంది అమ్మ. ఈసారి గొంతులో కోపం లేదు.

పిట్ట పెన్సిల్‌తో రెండు కొత్త చీటీలు రాసింది. గరుకు ప్లాస్టిక్ మీద అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. 'ఏ మిరపో తెలియదు. కాయ కాశాక చెబుతాం.'

వాటిని వెంటనే గుచ్చలేదు. ముందు పైపు కింద పట్టుకుని, గట్టిగా రుద్ది చూసింది. అప్పుడు ట్రేల్లో గుచ్చింది.