రాళ్లగని దగ్గర పిలుపు

కొండదారిలో పాడుబడ్డ రాళ్లగని ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరో పిలుస్తారు. పిలిస్తే పలక్కూడదు... ఆగకూడదు... వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. మా అమ్మ నాకు చెప్పింది, నేను నా కూతురికి చెప్పాను.

నా కూతురు కాన్పులు చేసే నర్సు. కొండ అవతల ఇళ్లకు నడిచే వెళ్లాలి. కిందటి చలికాలం దారిలో ఫోను చచ్చిపోయి, పాపం, తెల్లవార్లూ దారి తప్పి తిరిగింది. అందుకని చేత్తో పట్టుకునే జీపీఎస్ కొందామని ఇద్దరం కొట్టుకెళ్లాం.

కొట్టాయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, అద్దంలా మెరుస్తోంది, వేలితో తాకితే చాలు. రెండోది ఎవరో వాడి అమ్మేసింది... బటన్లతో, ఇటుకముక్కలా ఉంది.

"గ్లౌజులు తియ్యకుండా నొక్కాలండీ. వానలో తడిసినా పనిచెయ్యాలి," అంది అమ్మాయి.

"అయితే ఈ ఇటుకే పట్టుకెళ్లు తల్లీ. బ్యాటరీలు అయిపోతే దారిలోనే మార్చుకోవచ్చు. అందం కొరుక్కు తింటామా? దీన్ని అమ్మిన పాతాయన దారిలో అక్కడక్కడా పెట్టుకున్న గుర్తులు ఇందులోనే ఉన్నాయి, చెరిపేయనా?"

"చెరపకు నాయనా," అన్నాను నేను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఎవరు రాసుకున్నదైనా సరే, చెరపాలంటే నాకు మనసొప్పదు.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. కొండ అవతల తొలిచూలు పిల్లకి నొప్పులు, పక్కన మొగుడు తప్ప దిక్కులేదు. అప్పటికే పొద్దు గూకింది. పైగా పొగమంచు.

ఆ తర్వాత జరిగింది అమ్మాయి నోట విన్నదే.

చాపిన చెయ్యి కనపడటం లేదట. జీపీఎస్ పెట్టె తెర మీద బాణం తిన్నగా ముందుకే చూపిస్తోంది. దారి ఎక్కడ మలుపు తిరిగిందో దానికేం తెలుసు? అడుగులో అడుగు వేసుకుంటూ గని దాకా వచ్చింది...

"ఆగమ్మా..."

మెల్లగా. చెవి పక్కనే.

నా మాట గుర్తొచ్చి పరుగు లంకించుకోబోయింది —

చేతిలో పెట్టె కీచుమని అరిచింది! ఉలిక్కిపడి నిలబడిపోయింది. తెర మీద పుర్రె బొమ్మ. టార్చి కిందకి వేసి చూసింది... బూటు ముందు జానెడు నేల. ఆ తర్వాత ఏమీ లేదు.

చుట్టూ తిరిగి వెళ్లింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు కొట్టాయన్ని అడిగి ఆ పాతాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. కరెంటు స్తంభాలెక్కే పని చేసేవాడట. ఇప్పుడు ఒక కాలు ఈడుస్తున్నాడు.

"నీ గుర్తే నా పిల్లని కాపాడింది అన్నయ్యా," అన్నాను.

"గనిలో పడి, కాలు విరిగి ఉన్నప్పుడు పెట్టానమ్మా. ఇంకెవరూ పడకూడదని. దగ్గరికొస్తే కీచుమంటుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావుటే? దెయ్యమూ లేదు, భూతమూ లేదు. అంతా పెట్టే!"

"పెట్టె కీచుమంటుందమ్మా," అంది అమ్మాయి మెల్లగా. "మావయ్యా... దానికి ముందే ఎవరో 'ఆగమ్మా' అన్నారు."

ఆయన కాలు నిమురుకున్నాడు.

"నన్ను 'ఆగు నాయనా' అన్నారు," అన్నాడు. "పెద్దలు చెప్పారు కదాని... ఆగకుండా పరుగెత్తాను."