గోడ దాకా తాబేలు

పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే ఆ దుకాణంలో కంప్యూటరు కూడా క్యాసెట్ల ఈడుదే. ఇరవై నిమిషాల వీడియో మింగితే చాలు, పొట్ట నిండి మొరాయిస్తుంది. ఆ ముక్కను డిస్కులోకి దింపి, కంప్యూటర్లో చెరిపి, మళ్లీ మొదలెట్టాలి. దాని స్పీకరు ఎప్పుడో మూగబోయింది. క్యాసెట్ల అబ్బాయి దాన్ని మర్యాదగా 'పెద్దాయన' అంటాడు.

ఒక మధ్యాహ్నం ఓ అమ్మాయి మూడు గంటల క్యాసెట్ తెచ్చింది. అందులో ఒక తాబేలు పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరి గోడ దాకా నడుస్తుంది, అంతే. కాస్త కత్తిరించేద్దామా అని అతను అడిగితే ఆమె కళ్లెర్రజేసింది.

"ఒక్క సెకను తగ్గినా ఊరుకోను. ఇది మా తాతయ్య తీశాడు. ఇందులో నీకో మాట ఉందని అమ్మమ్మతో అన్నాడట. ఆవిడ పంతం కొద్దీ చూడలేదు. ఇప్పుడాయన లేడు, ఆ గొంతు కావాలంటోంది."

టేపు చివికిపోయింది, రోజుకో ముక్క మించితే తెగుతుందన్నాడతను. నమ్మకం చాలక ఆమె రోజూ వచ్చి పక్కనే కాపలా కూర్చుంది. తాబేలు నడుస్తుంటే వీళ్లు పోట్లాడుకున్నారు. పెద్దాయన కన్నా తాబేలే చురుకని ఆమె, మీ నోటి ముందు రెండూ దిగదుడుపేనని అతను. నాలుగో రోజు ఆమె అయిదు నిమిషాలు ఆలస్యమైతే అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

తొమ్మిదో రోజు, తాబేలు గోడకు జానెడు దూరంలో ఉండగా తెగించాడు.

"అది గోడ చేరితే మీరిక రారు కదండీ. చేరకపోతే బాగుండు."

"ఈ ముక్కకి తొమ్మిది రోజులా? తాబేలే నయం," అని ఆమె తల దించుకుంది.

మర్నాడు ఆమెతో పాటు డిస్కుల సంచీ పట్టుకుని అమ్మమ్మ దిగింది. కంప్యూటరుకు టేపు శబ్దం తెచ్చే తీగ పెట్టాల్సిన చోట అతను మొదటి రోజు నుంచీ దుకాణం ప్రకటనలు చదివే మైకునే వదిలేశాడని అప్పుడు తేలింది. తొమ్మిది డిస్కుల్లోనూ బొమ్మ తాబేలుది, మాటలు వీళ్లవి.

"మూడు గంటలూ విన్నాను బాబూ. తాబేలు నా మనవరాలిని ప్రేమిస్తోందని అర్థమైంది. మరి మా ఆయన మాటేదీ?"

అతనికి తల కొట్టేసినట్టయింది. ఈసారి టేపు తెగితే ఆ గొంతు ఇక లేనట్టే. మైకు పీకేసి, కొత్త స్పీకరు కొని, భయపడుతూనే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. మళ్లీ తొమ్మిది రోజులు. ఈసారి మూడు కుర్చీలు, ఎవరూ నోరు మెదపలేదు. చివరి రోజు టేపు మూలుగుతుండగా తాబేలు గోడను తాకింది. అప్పుడు వినబడిందా గొంతు.

"గోడ చేరింది చూడు. అది చేరేదాకా నాతో మాట్లాడనన్నావుగా. ఇక మాట్లాడవే."

టేపు పుటుక్కున తెగింది. మాట మాత్రం పెద్దాయన పొట్టలో భద్రంగా పడింది.

అమ్మమ్మ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. "మాట్లాడుతున్నానండీ," అంది మెల్లగా. తర్వాత కళ్లు తుడుచుకుని అబ్బాయి వైపు తిరిగింది.

"రేపు మీ పెద్దవాళ్లను తీసుకురా బాబూ. తాబేలు నడక వద్దు, బస్సెక్కండి."