‘నీకు’ అన్న ఫోల్డర్

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆమె తన భర్త రికార్డింగ్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గదంటే పెద్ద గదేం కాదు, మెట్ల కింద సామాన్ల కొట్టు. గోడల నిండా స్పాంజి అంటించి పెట్టాడు మహానుభావుడు. తలుపు మూస్తే పట్టపగలు కూడా కన్ను పొడుచుకున్నా కనిపించదు. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం ఆయన పని. ఆఖరి పుస్తకం చదవడమైతే పూర్తి చేశాడుగానీ, మధ్యమధ్యలో పడ్డ తన ఊపిరి చప్పుళ్లు తీసెయ్యకుండానే పోయాడు.

కంప్యూటర్లో ఒక్కో అధ్యాయానికి ఒక్కో ఫోల్డర్. అన్నిట్లోకీ తనంతట తనే దూరి, ఊపిరి శబ్దాలు ఏరి పారేసే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్ట్ ఒకటి మరిది రాసి పంపాడు.

"వదినా, పుస్తకం ఫోల్డర్‌లోకి వెళ్లాకే నడుపు," అన్నాడు ఫోన్లో. "ఎక్కడ నడిపితే అక్కణ్ణుంచి లోపలున్నవన్నీ గాలించేస్తుంది. దానికి మొహమాటం లేదు."

"మీ వంశంలోనే లేదులే అది," అందామె.

ఇద్దరూ నవ్వారు. ఫోన్ పెట్టేశారు.

స్క్రిప్ట్ నడిపింది. తాను దూరిన ఫోల్డర్ పేరల్లా తెర మీద చూపిస్తోందది. కాసేపు అధ్యాయాల పేర్లే వచ్చాయి. తర్వాత పెళ్లిరోజు... అమ్మ కబుర్లు... ఇవి పుస్తకంలోవి కావే అనుకుంటూ ఉండగానే వచ్చేసింది, ‘నీకు’. పుస్తకంలోకి వెళ్లడం మరిచిపోయి, బయటి ఫోల్డర్‌లోంచే నడిపేసింది.

‘నీకు’లో ఉన్నది ఒకే ఒక్క రికార్డింగ్. మాటల్లేవు. ఆయన నిద్రపోతున్న చప్పుడు, అంతే. పెళ్లయిన నాటి నుంచీ ఆ గురకను ఆడిపోసుకున్న మనిషే, ఆయన ఆస్పత్రి పాలయ్యాక అది వినపడక నిద్ర పట్టడం లేదని ఏడ్చింది. ఇక లాభం లేదని ఇంటికి పంపేసిన రోజున, "ఇదిగో, ఉంచుకో నీ నిధి," అంటూ మైకు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. అది వినకుండా ఆమె ఇంతవరకూ కన్ను మూసింది లేదు. ఇంకో కాపీ కూడా లేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరిచింది. ఏమీ లేదు. మొదట్నుంచి చివరిదాకా శుభ్రం. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మళ్లీ పోగొట్టుకున్నాను, ఈసారి నా చేతులారా పోగొట్టుకున్నాను అనుకుంది.

తలెత్తేసరికి స్క్రిప్ట్ ఇంకా నడుస్తోంది.

‘నీకు’ లోపల ఇంకో ఫోల్డర్. మొన్నటిదాకా లేదది. దాని లోపల ఇంకోటి. ఇంకా లోపలికి... అన్నిటికీ అదే పేరు. నీకు... నీకు... నీకు... ఒకచోట ఆగింది. అక్కడొక రికార్డింగ్ ఉంది.

తెరిచింది. ఆయనే. హాయిగా నిద్రపోతున్నాడు. గదంతా ఆయన సబ్బు వాసన. ఆ ఊపిరి పక్కనే ఎవరో వెక్కుతున్నారు. ఆమె వెక్కిళ్లు బిగబట్టింది. హెడ్‌ఫోన్లలో కూడా ఆగాయి.

హెడ్‌ఫోన్లు తీయకుండానే ఫోన్ స్పీకర్లో పెట్టి మరిదికి చేసింది. "ఇదింకా లోపలికి పోతోందయ్యా," అంది గుసగుసగా.

"ఆపెయ్ వదినా. కంట్రోల్, సీ కలిపి నొక్కు."

"ఆపితే ఇది కూడా పోతుందేమో."

"ఏది?"

ఆమె వింటోంది. ఆయన ఊపిరి, తన ఊపిరి. మళ్లీ ఆయనది... తనది లేదు. ఛాతీ మెట్టు తప్పినట్టు ఉలిక్కిపడింది. మళ్లీ ఆయనది. తనది లేదు. స్క్రిప్ట్ ఏరేస్తోంది. ఆమెవే ఏరుతోంది. ఆయనది ఒక్కటి కూడా ముట్టుకోవడం లేదు.

వేళ్లు మీటల మీదే ఉన్నాయి. నొక్కితే చాలు. ఆయన మెల్లగా పక్కకు ఒత్తిగిలిన చప్పుడైంది. ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వదినా..." మరిది గొంతు మారిపోయింది. "అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది. రికార్డింగ్ బయటికి వినిపించేలా పెట్టావా?"

పెట్టలేదు. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచింది. ఊపిరి అందలేదు.

"వదినా, పలుకు..." అంటున్నాడు మరిది. "అన్నయ్య ఎందుకేడుస్తున్నాడు?"