లోకం సొత్తయిన ఏడుపు

బస్టాండు బిర్యానీ కొట్టు ముందు ఇరవై ఏళ్ల పడుచు ఒకతె గుండెలు బాదుకుంటోంది.

"కూడు వండి పిలిస్తినే, పలకవేమి నాయనా! ముక్క మిగల్లేదే, బిర్యానీ సల్లారెనే నాయనా!"

తినేవాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. ఆ పడుచు మనిషి కాదు, నీడపెట్టె నిలబెట్టిన బొమ్మ. పాత సినిమాలోంచి మనిషిని ఊడబీకి, వెలుతురుతో నిలువెత్తున నిలిపి, కొట్టు నడిపే నాగేశు చెప్పిన మాటలు పలికించడమే ఆ పెట్టె పని.

ఎనభై దాటిన లావణ్యవ్వ చేతికర్రతో బల్లమీద కొట్టింది. ఆ మొహం, ఆ గొంతు ఆమెవే.

"ఆపరా నాగేశూ! అది మా యన్న కోసం ఏడ్సిన ఏడుపురా."

"సినిమాలో ఏడుపు గదవ్వా. విడుదలై అరవై ఏండ్లు నిండె. జనవరి నుంచి లోకం సొత్తు, ఎవురైనా వాడుకోవచ్చు. దేశమంతా నిన్నే ఏడిపిస్తాంటే సంబరపడక, తిడతావేంది?"

"సినిమా లోకానిదైతే కానీ. నా ఏడుపు లోకానికి ఎవుడిచ్చినాడురా, నీ పిండం పెట్ట!"

ఆనాడు ఊళ్ళో షూటింగు జరిగినప్పుడు నటుణ్ణి పాడె మీద పడుకోబెట్టి శోకం పెట్టమన్నారు. బతికున్నవాడికి శోకం పెడితే అరిష్టమని ఆడవాళ్ళంతా వెనక్కి తగ్గారు. లావణ్య ఒక్కతే కూర్చుంది, అంతకు నెల ముందు బావి తవ్వుతూ మట్టిలో పూడిపోయిన అన్నను తలుచుకుని.

ఇప్పుడు క్రికెట్‌లో ఓడినా, పాలు విరిగినా ఇంటింటా నీడపెట్టెలో ఆ శోకమే.

ఎండలు ముదిరాక అవ్వ చెల్లెలు సౌజన్య చనిపోయింది. తోడబుట్టినదే ముందు శోకం ఎత్తుకోవాలి. లావణ్యవ్వ శవం తల దగ్గర కూర్చుని చెల్లెలి చెంప నిమిరింది.

"కూడు వండి పిలిస్తినే, పలకవేమి సెల్లా..."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనకే ఇంకొకరు. చచ్చిపోయినదాని కొడుకు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. పాపం తల్లి కోసం ఏడుస్తున్నాడనుకుని అవ్వ తువ్వాలు తీసింది. నవ్వుతున్నాడు.

"నవ్వు రాకూడదనే అనుకుంటాండా పెద్దమ్మా," అన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో. "ఆగడం ల్యా."

అవ్వ తువ్వాలు వాడి ఒళ్ళో పడేసింది. కర్ర పట్టుకుని లేచింది. దండ తెచ్చి గడప దగ్గర నిలబడి నవ్వుతున్న నాగేశును చూసింది.

"నవ్వరా. రేపు మీయమ్మ పాడె ముందర ఎట్టేడుస్తావో నేనూ సూస్తా."

ఆడవాళ్ళ మధ్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న నాగేశు తల్లి ఆ మాటకు కొంగు వదిలేసింది. కొడుకు మొహంలోకి చూసింది.

వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.