దొంగలు పెట్టుకున్న అరగంట

ఏజెంట్ ముల్లు బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. చీఫ్ కప్పులోని టీ సగం సాసర్‌లోకి దూకింది.

"కొత్త ఖాతాకి డబ్బు పంపితే, కావాలంటే రద్దు చేసుకునేందుకు అరగంట ఆగేది కదా సార్? ఆ అరగంటని ఎవడు మింగేశాడు?"

"బ్యాంకు ఛైర్మనే. జనానికి విసుగొస్తోందట. ఇప్పుడు కావాలన్నవాళ్లకే. సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. వెతుక్కుని ఆన్ చేసుకోవాలి."

"ఎంతమంది చేసుకున్నారేం?"

"వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు," అన్నాడు చీఫ్.

ముల్లుకి ఒళ్లు మండిపోయింది. నిన్న వాళ్లక్కకి 'హాస్పిటల్ క్యాషియర్' ఫోన్ చేసి, బావ గుండె ఆపరేషన్‌కి అడ్వాన్సు కట్టమన్నాడు. కుట్టుమిషన్ తొక్కితొక్కి దాచిన సొమ్ము, అక్క వేలు తగిలీ తగలకముందే ఎగిరిపోయింది. ఆపరేషనేమో రేపే. అలాంటి అక్కలందరి డబ్బూ ఒకే ఖాతాలో పోగేసిన విదేశీ ముఠా ఈ పూటే దాన్ని దేశం దాటించబోతోంది.

"ఆ ముఠా ఆఫీసులో మన మనిషుంది. కోడ్‌నేమ్ నెమలి. వాళ్ల దగ్గర జీతం, మన దగ్గర కొలువు," అన్నాడు చీఫ్. "ఏసీ మెకానిక్‌లా వెళ్లి, గుర్తుకి గ్యాస్ ఎక్కించాలా అని అడుగు. ముందు లీకు చూడమంటుంది."

ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన నిచ్చెనతో ముల్లు మూడో అంతస్తు ఎక్కాడు. బయట ట్రావెల్ ఏజెన్సీ బోర్డు. లోపల హెడ్‌ఫోన్లు తగిలించుకుని వరసగా కూర్చున్నవాళ్లు, "నమస్తే అమ్మా, హాస్పిటల్ నుంచండీ" అంటూ తేనె పూస్తున్నారు. ఒక్కొక్కణ్ణీ నిచ్చెనతో వాయించాలనిపించింది. పళ్లు నూరుకుని ఊరుకున్నాడు.

ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, టకటకలాడే హైహీల్స్. నెమలి వచ్చింది.

"గ్యాస్ ఎక్కించాలా మేడమ్?"

"ముందు లీకు చూడండి." గొంతు తగ్గించింది. "ఇప్పుడా రావడం మహానుభావా? బాస్ ట్రాన్స్‌ఫర్ నొక్కేశాడు."

ముల్లు భుజాన ఉన్న నిచ్చెన దించాడు. "అంతా పోయినట్టేనా?"

"లేదు. వీళ్లకి ఒకడంటే ఒకడికి నమ్మకం లేదు. ఎవడైనా సొమ్ముతో ఉడాయిస్తాడేమోనని ఆ అరగంట ఆన్ చేసి పెట్టుకున్నారు. ఆఖరి నిమిషం నడుస్తోంది. రద్దు చేయాలంటే బాస్ వేలిముద్ర పడాలి."

బాస్ ఏసీ కిందే కూర్చుని ఫోన్ వంక చూస్తున్నాడు. ముల్లు నిచ్చెనెక్కి, ఏసీ ట్రేలో నిలవున్న చల్లటి నీళ్లు వాడి నెత్తిన కుమ్మరించాడు. వాడు కెవ్వుమని లేచాడు. జారిన ఫోన్‌ని నెమలి గాల్లోనే పట్టుకుంది. పైనుంచి దూకిన ముల్లు బాస్ చెయ్యి మెలిపెట్టి, తడి బొటనవేలు నెమలి గౌనుకి తుడిచి, 'రద్దు' మీద అదిమాడు. ఇంకో రెండు సెకన్లే మిగిలాయి.

"ఇది మోసం!" అరిచాడు బాస్.

"ఒక్క టచ్‌తో పనైపోవాలంటారుగా అందరూ," అన్నాడు ముల్లు. మెట్ల మీద పోలీసు బూట్లు మోగాయి.

సాయంత్రానికి అక్క ఫోన్.

"డబ్బు తిరిగొచ్చిందిరా తమ్ముడూ! ఇప్పుడే హాస్పిటల్ కౌంటర్ దగ్గరే కట్టేశాను. నువ్వు చెప్పిన ఆ అరగంట బటన్ కూడా పెట్టించుకున్నాను. ఇది పెట్టుకుంటే మంచిదని నీకెవరు నేర్పార్రా, బ్యాంకువాళ్లా?"

"కాదక్కా. దొంగలు."