గొట్టంలో ఒక్క దెబ్బ

ఆనకట్ట కడుపులో పగలూ రాత్రీ ఒకటే. పైన ఎండ మాడు పగలగొడుతున్నా లోపలి సొరంగంలో గోడలు చెమరుస్తూనే ఉంటాయి. తడి సిమెంటు వాసన, గ్రీజు వాసన. అక్కడ గేటు చక్రం తిప్పీ తిప్పీ జుట్టు నెరిసిన మనిషిని అందరూ చక్రం అనే పిలిచేవారు. అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయిందని వేళాకోళం.

ఆ రోజు అతని పని పాత ఏటి పీక నులమడం. ఉన్నమాట అంతే, దానికి ఇంకో అందమైన పేరెందుకు? నీళ్లన్నీ నగరం వైపు మళ్లించినా, కింది ఏరు చావకుండా ఒక గొట్టం వదిలారు. కాసిని చేపలు, కాసిని బావులు దాని మీదే బతికేవి. వేసవి మొదట్లో ఆ గొట్టం గేటూ మూసేశారు. ఇప్పుడు గొట్టాన్నే కాంక్రీటుతో పూడ్చెయ్యమని పైవాళ్ల హుకుం. కింది ఊళ్లవాళ్లు వచ్చి, "మా నోట్లో మట్టి కొట్టార్రా, మీకు గుక్కెడు నీళ్లు పుట్టకుండా పోను!" అని దుమ్మెత్తి పోశారు. చక్రం తల దించుకుని విన్నాడు. జీతగాడు, ఇంకేం చేస్తాడు లెండి.

పూడ్చే ముందు లోపల పనిముట్లేమైనా ఉండిపోయాయేమో ఒక మనిషి పాకి చూడాలి. ఆ మనిషి చక్రం బావమరిదే. సొరంగంలో ఉన్న మూత గుండా దూరి, ఏటి వైపు మూతి దగ్గర బయటపడాలి. చేతిలో సుత్తి. ఒక్క దెబ్బ కొడితే, లోపలే ఉన్నానని. వెంటవెంటనే రెండు కొడితే, బయటపడ్డాను, మూత బిగించమని.

పొద్దున భార్య గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "ఏవండీ, నాకు తోడబుట్టినవాడు వీడొక్కడే. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి."

"అక్కకి అన్నిటికీ భయమే, బావా," అని నవ్వుతూ దూరాడు వాడు.

టంగ్. కాసేపాగి, టంగ్. ఇంకాస్త దూరంగా, టంగ్.

తర్వాత ఏమీ లేదు. చక్రం బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మూతలోంచి కుళ్లిన చేపల వాసన వచ్చింది. నెలల తరబడి ఎండిన గొట్టంలో చేపలెక్కడివి?

టంగ్ టంగ్. రెండు.

"హమ్మయ్య!" మూత బిగించాడు. గోడ ఫోనెత్తి, "పొయ్యండి," అన్నాడు. పైన కాంక్రీటు పంపు గుర్రుమంది.

టంగ్.

మూత వెనకాలే... చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో.

"ఒరేయ్..." మూత మీద అరచేత్తో కొట్టాడు. "నువ్వేనా?"

చెవి ఆనించాడు. ఇనుము చల్లగా ఉంది. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... నెమ్మదిగా... తడితడిగా.

"ఆపండి! పంపు ఆపండి!" ఫోనులో అరిచి, బిగుసుకున్న మూత ఎంతకీ ఊడక, పడుతూ లేస్తూ బయటికి పరుగెత్తాడు.

గొట్టం మూతి పక్కన రాతి మీద బావమరిది కూర్చుని ఉన్నాడు.

"నీ మొహం మండ! నా ప్రాణాలు తోడేశావు కదరా!"

"ఇక్కడే ఉన్నాగా, బావా. పొయ్యమను."

చక్రానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పంపువాడి వైపు తనే చెయ్యి ఊపాడు. కాంక్రీటు జారింది. గొట్టం మూతి దాకా నిండింది. సంతోషం పట్టలేక బావమరిది భుజం చరిచాడు.

చొక్కా తడిసి ముద్దయి ఉంది.

"గొట్టంలో చుక్క లేదు కదరా... ఇదేం తడి?"

చూరు కారినట్టు వాడి చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. రాయి కింద ఎండిన ఇసుక నల్లబడుతోంది. అదే కుళ్లిన చేపల వాసన.

"సుత్తి... సుత్తేదిరా?"

"లోపలుంది." వాడు లేచి, చల్లటి చేత్తో చక్రం మణికట్టు పట్టుకున్నాడు. "పద బావా, ఇంటికి. అక్క ఎదురుచూస్తూ ఉంటుంది. దాహంగా ఉంది."

వెనకాల, పూడిపోయిన గొట్టంలోంచి...

టంగ్.

కాసేపాగి, మళ్లీ ఒక్కటే.