అందరూ మనవాళ్ళే

తూర్పు గుమ్మటంలో తలుపులకు గడియలు పీకేసి మూడేళ్ళయింది. ఎవరి పిల్లాడికి ఆకలేసినా ఎవరింట్లోనైనా కూర్చుని తినేస్తాడు. సాయంత్రమైతే రెండువందల మందికీ ఒకటే వంట, ఒకటే పంక్తి. అంగారకుడి మీదికి వచ్చిన కొత్తలో చెంబెడు నీళ్ళ కోసం జుట్లు పట్టుకున్నది వీళ్ళేనంటే ఇప్పుడెవరూ నమ్మరు.

ఈ మార్పు తెచ్చింది డాక్టర్ నీరద. తల్లి బిడ్డను హత్తుకున్నప్పుడు మెదడులో ఊరే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఉంది కదా, దానికి ఆవిడ ప్రయోగశాలలో ఒక తోబుట్టువును పుట్టించింది. పేరు మమతాణువు. గాలి గొట్టాల్లోంచి వస్తుంది, ముక్కు గుండా మెదడుకు చేరుతుంది. దాంతో పక్కనున్నవాడు మనవాడైపోతాడు.

మొదట గొర్రెల మీద చూశారు. పిల్ల చచ్చిన గొర్రె దగ్గరికి వేరే పిల్లను తోలితే మామూలుగా తన్నేస్తుంది. మమతాణువు పీల్చిన గొర్రె మాత్రం ఆ పిల్లను ఒళ్ళంతా నాకి పాలిచ్చింది. కాసేపటికి ఇంకో పిల్ల వస్తే దాన్ని గోడకేసి కుమ్మింది. "చూశారా, ఎంత మమకారమో!" అని ప్రయోగశాల అంతా చప్పట్లు కొట్టింది. నీరదా కొట్టింది. కుమ్ముడు తిన్న పిల్ల సంగతి ఒక్కరికీ పట్టలేదు. అంత చదువుకున్నవాళ్ళు, అందరూ పాలు తాగే పిల్లనే చూస్తూ నిలబడ్డారు.

పడమటి గుమ్మటం వాళ్ళు ఆ మందు వద్దన్నారు. "మా తగువులేవో మేమే పడతాంలే అక్కా," అని నవ్వింది నీరద చెల్లెలు తరళ. పెళ్ళయ్యాక ఆమె కాపురం అక్కడే. మొదట్లో వారం వారం రెండు గుమ్మటాలనూ కలిపే సొరంగం దాటి అక్కను చూడ్డానికి వచ్చేది. రానురాను నీరదకు ఆ రాక విసుగనిపించసాగింది. పని ఒత్తిడి వల్లనుకుంది.

ఒక మధ్యాహ్నం ఉల్క పడి పడమటి గుమ్మటం పగిలింది. బతికి బయటపడ్డవాళ్ళు సొరంగంలోకి పరిగెత్తి తూర్పు తలుపు ముందు గుమిగూడారు. సొరంగంలో ఉన్న గాలి గంటసేపటికి మించి రాదు.

నీరద వచ్చేసరికి ఆ తలుపుకు అడ్డంగా తనవాళ్ళంతా చేతులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. అందరికన్నా ముందు ఓబులేసు. గాలి యంత్రాలు చూసుకునే ఆ ఓబులేసే, నీరదకు జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించినవాడు.

"తీయొద్దు మేడమ్. వాళ్లెట్లాంటోళ్లో ఏమో. లోపల మన పిల్లోళ్లుండారు."

"మా చెల్లెలుంది అక్కడ, ఓబులేసూ!"

"మీకు మేము లేమా?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది దొంగ ఏడుపు కాదు.

అయినా ఆమెను ఆపలేదు, దారిచ్చారు. తలుపు యంత్రం ఆమె మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

తలుపుకున్న అద్దంలోంచి తరళ కనిపించింది. చంకలో కూతురు తల వాల్చేసి ఉంది. "అక్కా, తియ్యవే! పాపకి ఊపిరాడట్లేదు."

నీరద తన గుండెను తడుముకుంది. ఆ ముఖం తెలుసు, పేరు తెలుసు. అంతకు మించి లోపల ఏమీ కదల్లేదు. కొంచెం భయం, కొంచెం రోత, అంతే.

"గాలి అందరికీ సరిపోతుంది, డాక్టర్ గారూ," అంది యంత్రం. "తెరవమంటారా?"

"ఆగు."

"గాలిలో మందును వడకట్టే మాస్కు గోడకుంది, పెట్టుకోండి. పది నిమిషాల్లో మందు దిగిపోతుంది. అప్పుడు ఆలోచించి చెప్పండి."

ఆ సంగతి యంత్రం చెప్పాలా? మాస్కు తయారుచేయించింది ఆవిడే. తీసి ముఖం దాకా తెచ్చింది. ఒకసారి వెనక్కి చూసింది. మందు దిగిపోతే ఓబులేసు ఎవరో, తనెవరో. వీళ్ళంతా మళ్ళీ చెంబెడు నీళ్ళ కోసం కొట్టుకునే మనుషులు. పది నిమిషాలు వీళ్ళను ప్రేమించకుండా ఉండాలంటే ఆమెకు చేతకాలేదు. మాస్కును కొక్కేనికి తగిలించేసింది.

"తెరవకు," అంది.

తరళ అద్దం మీద బాదడం చాలాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

సాయంత్రం పంక్తిలో రెండువందల మందీ నీరద చుట్టూ చేరి బావురుమన్నారు. ఓబులేసు అన్నం కలిపి ముద్ద చేసి ఆమె నోటికందించాడు. "చెల్లెల్ని పోగొట్టుకుంటిరి కదమ్మా. మేముండాం మీకు."

అది పైపై మాట కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆమెను అంతగా ప్రేమించినవాళ్ళు లేరు. చెల్లెలి కోసం ఏడుపు రావడం లేదే అని మాత్రం నీరదకు ఎక్కడో దిగులుగా ఉంది.

మూడో ముద్దకు ఆ దిగులు కూడా పోయింది.